ఏసీ వాడట్లేదు, కొత్త వస్తువు ఏదీ కొనలేదు, అయినా 210 యూనిట్ల బిల్లు 341కి ఎక్కింది. ఎక్కడ పోతోందో ఎలా పట్టుకోవాలి?

కొత్తగుమ్మం రాశారు:

అందరికీ నమస్తే అండి. రెండు బిల్లుల నుంచి ఇదే ఆలోచన, ఇంక నా వల్ల కావట్లేదు అందుకే అడుగుతున్నా. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, నాన్న, స్కూల్‌కెళ్ళే పాప. ఈ ఇంట్లోకి వచ్చి ఎనిమిది నెలలైంది. ఏసీ వేసుకున్న నెలలు పక్కన పెడితే మిగతా నెలల్లో 210 యూనిట్లు అటూ ఇటూ వచ్చేది. ఏసీ ఆపేసి మూడు నెలలైంది, కవర్ కూడా తొడిగేశాం. అలాంటిది పోయినసారి 318 వచ్చింది, మొన్న 341. చుట్టాలు ఎవరూ వచ్చి ఉండలేదు, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనలేదు.

ఇంట్లో ఉన్నవి చెప్తా: డబుల్ డోర్ ఫ్రిజ్ తొమ్మిదేళ్ళ నాటిది, వాషింగ్ మెషిన్, 15 లీటర్ల గీజర్, ఇన్వర్టర్ దానికి ఒక బ్యాటరీ, టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై, నాలుగు ఫ్యాన్లు, నీళ్ళ మోటార్ అందరికీ కలిపి కాబట్టి మా మీటర్‌లోకి రాదు. లైట్లన్నీ ఎల్‌ఈడీలే.

ఇంకో విషయం కూడా చెప్పాలి, అసలు ఈ పోస్ట్ పెట్టడానికి కారణం అదే. మొదటి బిల్లు చూసినప్పుడు నేను కాస్త గట్టిగానే అన్నాను, లైట్లు ఊరికే వేసి ఉంచుతున్నారు, ఫ్యాన్ ఆపరు అని. నాన్నని ఉద్దేశించి అనలేదు కానీ ఆయన తన మీదే అనుకున్నారు. అప్పట్నుంచి సాయంత్రాలు ఆయన గదిలో లైట్ వేసుకోవట్లేదు. మొన్న ఆఫీస్ నుంచి వచ్చేసరికి చీకట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఏంటి నాన్నా అంటే "కళ్ళకి హాయిగా ఉందిరా" అన్నారు. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. అంత చేసినా బిల్లు తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. అంటే కారణం అది కాదు. మరి ఏది?

---

వాట్‌లెక్క రాశారు:

ముందు మీ నాన్నగారి గదిలో లైట్ వేయండి సార్. ఆ తర్వాతే మిగతా లెక్క.

ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. సాయంత్రం ఐదు గంటలు వెలిగితే 45 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు అయితే ఒక యూనిట్), నెల మొత్తం వెలిగినా 1.35 యూనిట్లు. ఆయన నెలంతా చీకట్లో కూర్చుంటే మిగిలేది ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. ఆయన అలవాటు తప్పని అనట్లేదు, ఆయన రోజుల్లో అదే గదిలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉండేది, అది ఐదు గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు, నాలుగు గదులకి 36. అప్పుడు లైట్ ఆపడమంటే నిజంగా పొదుపే. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ లెక్క మారిపోయింది. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్‌లో నోబెల్ ఇచ్చారు, నీలం ఉంటేనే తెల్ల వెలుగు సాధ్యమైంది కాబట్టి. మన ఇళ్ళల్లో లైట్ల ఖర్చు ఇంతలా పడిపోవడానికి మూలం అదే.

ఇప్పుడు మీ బిల్లు. నెల బిల్లుని నెల బిల్లుతో పోల్చకండి, రీడింగ్ ఎన్ని రోజులకి తీశారో చూడండి, ఒకసారి 28 రోజులు ఉంటుంది ఒకసారి 34 ఉంటుంది. రీడింగ్ నిజంగా తీసిందా అంచనాగా వేసిందా అనేది కూడా చూడండి. రోజులు చెప్తే లెక్క వేద్దాం.

---

కొత్తగుమ్మం రాశారు:

చూశానండి. పాత 210 యూనిట్ల బిల్లు 30 రోజులది. 318 వచ్చింది 31 రోజులకి, 341 వచ్చింది 33 రోజులకి. రీడింగ్ నిజంగా తీసిందే, మీటర్‌తో సరిచూశాను. లైట్ వేశాను, నేనే వెళ్ళి వేసి కాసేపు అక్కడే కూర్చున్నా.

---

వాట్‌లెక్క రాశారు:

చూశారా, మొదట రోజుకి 7 యూనిట్లు. తర్వాత 318ని 31తో భాగిస్తే 10.26, 341ని 33తో భాగిస్తే 10.33. అంటే రెండో బిల్లులో పెరిగింది ఏమీ లేదు, రోజులు ఎక్కువ అంతే. రెండు నెలల క్రితం ఏదో ఒకటి మారింది, అక్కడి నుంచి రోజుకి 3.3 యూనిట్లు స్థిరంగా ఎక్కువ పోతోంది.

ఈ 3.3ని రెండు రకాలుగా చూడొచ్చు. 24 గంటలూ ఆగకుండా లాగేదైతే 138 వాట్లు. లేదా కాసేపే లాగే పెద్ద వస్తువైతే, 2000 వాట్ల గీజర్ రోజుకి గంటా నలభై నిమిషాలు అదనంగా ఆన్‌లో ఉన్నట్టు. లైట్లు, ఫోన్ చార్జర్లు, మిక్సీ వీటిల్లో ఏదీ రోజుకి 3.3 తినలేదు, మీరు వాటిని మర్చిపోవచ్చు.

ఊహించొద్దు, కొలవండి. వేరే పరికరం ఏమీ అక్కర్లేదు మీ మీటరే చాలు. దాని మీద చిన్న ఎర్ర లైట్ మినుకుమినుకుమంటూ ఉంటుంది, పక్కన 3200 ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్ అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఆ లైట్ 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఒక మినుకుకీ ఇంకో మినుకుకీ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి, 3200 మీటర్ అయితే 1125ని ఆ సెకన్లతో భాగించండి, వచ్చేదే ఆ క్షణంలో మీ ఇల్లు లాగుతున్న వాట్లు. 1600 మీటర్ అయితే 2250ని భాగించాలి. పది సెకన్లకోసారి వెలిగితే 112 వాట్లు, సెకనుకోసారి అయితే 1125 వాట్లు. అందరూ పడుకున్నాక చూడండి, అప్పుడైతే ఏది లాగినా దాక్కోవడానికి చోటుండదు.

---

బ్రో_పవర్ రాశారు:

బ్రో ఇంత కష్టం ఎందుకు, ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్ బాక్స్ ఉంటుంది కదా చిన్నది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ముప్పై నలభై శాతం తగ్గుతుందట, మా ఫ్రెండ్ ఒకడు తెప్పించాడు. నేనూ తీసుకుందామనుకుంటున్నా.

---

వాట్‌లెక్క రాశారు:

తమ్ముడూ వద్దు, డబ్బు దండగ. దాన్ని విప్పి చూస్తే లోపల ఒక చిన్న కెపాసిటర్, ఒక సర్క్యూట్ ముక్క, ఒక లైట్ ఉంటాయి. కెపాసిటర్ చేసేది పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం, అంటే లాగిన కరెంట్‌లో నిజంగా పనికొచ్చే వాటాని పెంచడం. పెద్ద మోటార్లు ఉన్న ఫ్యాక్టరీలకి అది ఉపయోగమే, వాళ్ళ బిల్లు వేరే లెక్కలో ఉంటుంది. ఇంటి మీటర్ కొలిచేది యాక్టివ్ ఎనర్జీని, కిలోవాట్ అవర్లని. పవర్ ఫ్యాక్టర్ బాగుపడినా మీ ఫ్యాన్ తిరగడానికి కావాల్సిన యూనిట్లు అవే. వైర్లలో కరెంట్ కాస్త తగ్గి వేడి కొంచెం తగ్గుతుంది, ఇంటి మొత్తం మీద అది లెక్కలోకి వచ్చేంత కూడా కాదు. పైగా ఆ బాక్స్ మీద వెలిగే లైట్‌కీ కరెంట్ కావాలి. మీ ఫ్రెండ్‌ని అది పెట్టకముందు, పెట్టాక మీటర్ మినుకులు లెక్కపెట్టి చూడమనండి, నా మాట కన్నా అదే బాగా చెప్తుంది.

---

పాతప్యానెల్ రాశారు:

ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ వైరింగ్ పని చేస్తున్నా. పైన చెప్పిన మినుకుల పద్ధతి మంచిదే, నేనూ అదే చేస్తా, దాన్ని ఒక వరసలో చేస్తే దొంగ తొందరగా దొరుకుతాడు.

ముందు ఇన్వర్టర్ ఆపండి, లేకపోతే మెయిన్ ఆపగానే అది లోడ్ తీసుకుంటుంది, మీరు అయోమయంలో పడతారు. తర్వాత డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్ పెట్టెలో ఉన్న ఎంసీబీలన్నీ (ఒక్కో లైన్‌కి ఉండే స్విచ్‌లు) కింద పెట్టేయండి. మీటర్ దగ్గరికెళ్ళి పది నిమిషాలు చూడండి. అన్నీ ఆపినా లైట్ మినుకుతూనే ఉందంటే మీ డీబీకీ మీటర్‌కీ మధ్యలో ఎవరికో కనెక్షన్ పోతోందన్నమాట. మెట్ల లైటో, పక్క పోర్షన్ వాళ్ళ పాయింటో పాత రోజుల్లో ఎవరో కలిపి వదిలేసి ఉంటారు, నేను అలాంటివి చాలా చూశా, కావాలని చేసింది తక్కువ, మర్చిపోయింది ఎక్కువ. మినుకు ఆగిపోతే అక్కడి వరకు బాగున్నట్టే. ఇక ఒక్కో ఎంసీబీ విడిగా పైకి ఎత్తి, సెకన్లు రాసుకుని, మళ్ళీ దించి తర్వాతది ఎత్తండి.

గీజర్ ఎంసీబీ ఎత్తగానే ఆర్‌సీసీబీ (కరెంట్ ఎర్త్‌కి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతే గానీ, కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటే గానీ ఇంక దాన్ని వాడొద్దు. కాయిల్ పైన తొడుగు పగిలి కరెంట్ నీళ్ళలోకి, అక్కడి నుంచి ఎర్త్‌కి పోతుంది. అప్పుడు బిల్లు సంగతి తర్వాత, అది ప్రాణాల మీదికొచ్చే విషయం. అసలు మీ డీబీలో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి, దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

ఫ్రిజ్‌ని మాత్రం ఒక్క రీడింగ్‌తో తేల్చొద్దు. కంప్రెసర్ కాసేపు తిరిగి కాసేపు ఆగాలి, దానికి గంట కూర్చోవాలి. ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు తనే కరిగించుకునే రకం) అయితే మధ్యలో డీఫ్రాస్ట్ హీటర్ ఆన్ అవుతుంది, ఆ కాసేపు రీడింగ్ ఎగిరితే కంగారు పడొద్దు. మీటర్ సీల్ జోలికి గానీ, డీబీ కవర్ లోపలికి గానీ పోవద్దు, స్విచ్‌లు ఎత్తడం దించడం వరకే మీ పని.

---

కొత్తగుమ్మం రాశారు:

చేశానండి. శనివారం రాత్రి ఒంటిగంట నుంచి మూడున్నర దాకా. నాన్నకి నిద్ర పట్టలేదట, ఆయనే వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకున్నారు, నేను ఎంసీబీలు ఎత్తుతుంటే ఆయన మీటర్ దగ్గర కుర్చీ వేసుకుని సెకన్లు చెప్పారు.

మీటర్ 3200దే. అన్నీ ఆపితే పది నిమిషాల్లో ఒక్క మినుకు కూడా లేదు. మీటర్‌కీ డీబీకీ మధ్య వేరే ఎవరి కనెక్షన్ లేదని అర్థమైంది.

హాల్ ఎంసీబీ ఎత్తితే, అంటే స్టాండ్‌బైలో (రిమోట్‌తో ఆపి, స్విచ్ వేసే ఉన్న) టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై, 45 సెకన్లకి ఒకటి, 25 వాట్లు. టీవీ ప్లగ్ తీసేసినా దాదాపు మారలేదు, రిమోట్‌తో ఆపేసిన సెట్‌టాప్ బాక్స్, వైఫై రెండే ఆ పాతిక వాట్లు. గీజర్ స్విచ్ ఆపి ఉంటే సున్నా.

ఇన్వర్టర్ ఆన్ చేస్తే 14 సెకన్లకి ఒకటి! అంటే 80 వాట్లు. కరెంట్ పోయి వారం దాటింది, బ్యాటరీ ఎప్పుడో ఫుల్ అయి ఉండాలి, మరి ఇంకా 80 వాట్లు ఎందుకు? బ్యాటరీ మీద చెయ్యి పెడితే ఒక వైపు వేడిగా కూడా ఉంది.

ఫ్రిజ్ 9 సెకన్లకి ఒకటి, 125 వాట్లు. మీరు చెప్పినట్టు గంటసేపు చూశాం. ఆ గంటలో ఒక్కసారి కూడా కంప్రెసర్ ఆగలేదు.

రెండు నెలల క్రితం ఏం మారిందని అందరం కూర్చుని ఆలోచిస్తే మా ఆవిడకి గుర్తొచ్చింది, వంటింటికి రంగు వేయించాం, అప్పుడు ఫ్రిజ్ జరిపి మళ్ళీ పెట్టేటప్పుడు జాగా కలిసొస్తుందని గోడకి ఆనించేశాం. బ్యాటరీ సంగతి మాత్రం తెలియదు, దానికి నాలుగేళ్ళు నిండాయి.

---

పాతప్యానెల్ రాశారు:

భలే చేశారు సార్, నాన్నగారికి కూడా నా నమస్కారం చెప్పండి. దొంగలు ఇద్దరు, అందుకే ఒక్కడి కోసం వెతికితే దొరకలేదు.

బ్యాటరీ ముందు. ఇలాంటి 12 వోల్ట్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్ (విడివిడి అరలు) ఉంటాయి. ఒక సెల్ లోపల షార్ట్ అయితే మొత్తం వోల్టేజ్ పైకి రాదు, ఇన్వర్టర్ పాపం అది నిండలేదనుకుని ఎక్కిస్తూనే ఉంటుంది, ఎక్కించిందంతా వేడిగా పోతుంది. ఒక వైపే వేడి అన్నారు కదా, దాదాపు అదే. ఇప్పుడే ఇన్వర్టర్ ఆపేసి మెయిన్ ప్లగ్ కూడా తీసేయండి. కిటికీ తెరిచి పెట్టండి. అలా ఎక్కువ ఛార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది మండే గ్యాస్, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. మూతలు మీరు విప్పకండి, యాసిడ్ అది, టెక్నీషియన్‌ని పిలిచి ఒక్కో సెల్‌కి హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) పెట్టి చూడమనండి. ఇకనుంచి డిస్టిల్డ్ వాటర్ లెవెల్ రెండు మూడు నెలలకోసారి చూపిస్తుంటే చాలు.

ఫ్రిజ్ సంగతికొస్తే, లోపలి వేడిని తీసి బయటికి వదలడమే దాని పని. వెనక గాలి ఆడకపోతే వదిలిన వేడి అక్కడే తిరుగుతుంది, అందుకని కంప్రెసర్ ఆగదు. వెనక బెత్తెడు ఖాళీ ఉండేలా ముందుకి లాగండి, పక్కన కూడా కొంచెం. ప్లగ్ తీసి వెనక వైపు దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. తర్వాత తలుపు రబ్బర్ చూడండి. ఒక కాగితం తలుపు మధ్యలో పెట్టి మూసి లాగండి, బిగువుగా రావాలి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం కారిపోతున్నట్టే. చుట్టూ నాలుగు వైపులా చూడాలి. గోరువెచ్చని సబ్బునీళ్ళతో రబ్బర్ మడతలన్నీ తుడిస్తే సగం కేసుల్లో అక్కడికే సరిపోతుంది, మురికి వల్లే అతుక్కోదు. ముందు కాళ్ళు వెనక కన్నా ఒక పిసరు ఎత్తుగా ఉండేలా తిప్పండి, అప్పుడు తలుపు తనంతట తనే మూసుకుంటుంది. జరిపినప్పుడు ఇది కూడా మారి ఉంటుంది మీకు. లోపల టెంపరేచర్ కింద 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 చాలు, అంతకన్నా చల్లగా పెట్టడం అనవసరం.

ఇవన్నీ చేసి ఒక రోజు గడిచాక కూడా కంప్రెసర్ ఆగకపోతే గ్యాస్ తక్కువైందో, వేడిని బట్టి ఆన్ ఆఫ్ చేసే థర్మోస్టాట్ పోయిందో, అప్పుడు మెకానిక్.

---

వాట్‌లెక్క రాశారు:

లెక్క ఎలా కుదిరిందో చూడండి. 125 వాట్లు 24 గంటలు తిరిగితే రోజుకి 3 యూనిట్లు, మామూలుగా ఆగుతూ తిరిగితే 1.2 దాకా అయ్యేది, అక్కడ 1.8 ఎక్కువ. బ్యాటరీ 80 వాట్లు రోజుకి 1.9, బాగున్న బ్యాటరీ అయితే ఆ నాలుగో వంతు కూడా అవ్వదు, అక్కడ ఒకటిన్నర. రెండూ కలిపితే మీ 3.3. నాకైతే చాలా ఆనందంగా ఉంది ఇలా కలిసినందుకు.

సెట్‌టాప్ బాక్స్ గురించి ఒక మాట. స్టాండ్‌బై ఒక్క వాట్ లోపలే ఉండాలని ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ 1999లోనే ప్రతిపాదించింది, యూరప్‌లో 2013 నుంచి చాలా వస్తువులకి అర వాట్ హద్దు పెట్టారు. అందుకే కొత్త టీవీలు ప్లగ్‌లో ఉన్నా పెద్దగా లాగవు, మీరు టీవీ తీసినా రీడింగ్ మారనిది అందుకే. సెట్‌టాప్ బాక్స్ మాత్రం రిమోట్‌తో ఆపితే నిజంగా నిద్రపోదు, లోపల చాలావరకు నడుస్తూనే ఉంటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్రతి ఒక్క వాట్ ఏడాదికి 8.76 యూనిట్లు. దాన్ని గోడ స్విచ్ దగ్గర ఆపేయండి.

---

తులసికోట రాశారు:

మాది గీజర్ కేసు, ఇక్కడ చెప్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా ఇంట్లో గీజర్ పొద్దున ఐదున్నరకి వేస్తే మధ్యాహ్నం ఎవరికో గుర్తొచ్చినప్పుడు ఆపేవాళ్ళం, థర్మోస్టాట్ ఉంది కదా అదే ఆగుతుందిలే అని. ఆగుతుంది నిజమే, కానీ చల్లారగానే మళ్ళీ ఆన్ అవుతుంది, అదలా నడుస్తూనే ఉంటుంది. దానికి తోడు బాత్రూంలో వేడి నీళ్ళ కుళాయి కొంచెం కారేది, చుక్క చుక్కే కదా అని ఏడాది పాటు పట్టించుకోలేదు.

ఒక రోజు ఎందుకో దాని కింద బకెట్ పెట్టి చూస్తే మర్నాటికి నిండిపోయింది, ఇరవై లీటర్ల బకెట్ అది! గీజర్ ఆన్‌లో ఉన్నంతసేపూ కారేది వేడి నీళ్ళే కదా. మా అబ్బాయి లెక్క వేసి చెప్పాడు, ఒక లీటర్ నీళ్ళని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 4.186 కిలో జౌల్స్ కావాలట, ఇరవై లీటర్లని ముప్పై డిగ్రీలు పెంచాలంటే 0.7 యూనిట్. గీజర్ రోజంతా వేసి ఉంటే నెలకి ఇరవై యూనిట్లు మోరీలోకి పోయినట్టే, మేము సగం రోజు వేసేవాళ్ళం కాబట్టి పది. కుళాయిలో వాషర్ మారిస్తే ఆగిపోయింది, పది నిమిషాల పని.

ఇప్పుడు మేం చేసేదేంటంటే 15 లీటర్ల గీజర్‌ని స్నానానికి పావుగంట ముందు వేస్తాం, 2000 వాట్లది కాబట్టి ముప్పై డిగ్రీలు పెరగడానికి పదహారు నిమిషాలు చాలు, అర యూనిట్ అవుతుంది. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిస్తాం, ఎవరైనా గంట తర్వాత చేస్తామంటే ఆపేసి మళ్ళీ వేస్తాం. అన్నయ్యగారూ మీ గీజర్‌లో థర్మోస్టాట్ ఎంత మీద ఉందో చూడండి, మాది పై హద్దుకి పెట్టి ఉంది, అంత వేడి చేసి మళ్ళీ చన్నీళ్ళు కలుపుకుంటున్నాం, అందులో అర్థం లేదు కదా.

వాషింగ్ మెషిన్‌లో కూడా అంతే అండి, వేడి నీళ్ళ ప్రోగ్రాం పెడితే కరెంట్‌లో చాలా భాగం నీళ్ళు కాయడానికే పోతుంది, మోటార్ తిరగడానికి అయ్యేది తక్కువ. మామూలు మురికి బట్టలకి చన్నీళ్ళు చాలు.

---

బ్రో_పవర్ రాశారు:

వాట్‌లెక్క అన్నా, ఆ బాక్స్ కొనట్లేదు, థాంక్స్. మా ఇంట్లో మాత్రం ఏసీ తప్పదు, పై అంతస్తు. 18లో పెడితే తొందరగా చల్లబడుతుందని పెడుతున్నాం. ఇంకా ఫ్యాన్లు బీఎల్‌డీసీవి (తక్కువ కరెంట్‌తో తిరిగే బ్రష్‌లెస్ మోటార్ రకం) మార్చుకోమంటున్నారు, నిజంగా ఉపయోగమా?

---

వాట్‌లెక్క రాశారు:

18లో పెట్టినా 25లో పెట్టినా మొదట చల్లబడే వేగం ఒకటే తమ్ముడూ. మామూలు ఏసీలో కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ కూడా గది వేడిగా ఉన్నప్పుడు గరిష్ఠ వేగంతోనే మొదలుపెడుతుంది. తేడా ఎక్కడంటే 25 దగ్గర అది నెమ్మదిస్తుంది, 18 అంటే రాత్రంతా దాని వెంట పరిగెడుతూనే ఉంటుంది. 25 పెట్టి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకో, ఒంటికి గాలి తగిలితే రెండు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే ఉంటుంది. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడుగు. పై అంతస్తు అన్నావు కాబట్టి ఏసీ కన్నా ముందు పైకప్పు చూడు, తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేస్తే ఎండ వేడి చాలా వరకు వెనక్కి పోతుంది. పడమటి కిటికీకి నీడ లోపల కర్టెన్‌తో కాదు, బయట చాపో షేడో కట్టు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండని కర్టెన్ పెద్దగా ఆపలేదు, ఆ వేడి చాలావరకు అప్పటికే గదిలోకి వచ్చేసింది.

ఫ్యాన్ లెక్క సులువు. మామూలుది ఫుల్ స్పీడ్‌లో 75 వాట్లు, బీఎల్‌డీసీ 30 దగ్గర. రోజుకి 12 గంటలు తిరిగితే 0.54 యూనిట్ తేడా, నెలకి 16. అందుకని రాత్రీ పగలూ తిరిగే ఫ్యాన్ ముందు మార్చు. చుట్టాలొస్తే తిరిగే గదిలో ఫ్యాన్ మార్చడం అనవసరం. ఇంకోటి, ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనిషికే దాని గాలి, ఎవరూ లేని గదిలో తిరిగితే దండగే.

---

కొత్తగుమ్మం రాశారు:

కొత్త బిల్లు వచ్చింది, అందుకే మళ్ళీ వచ్చా. 31 రోజులకి 203 యూనిట్లు! రోజుకి 6.55.

బ్యాటరీ విషయంలో పాతప్యానెల్ గారు చెప్పిందే నిజం, టెక్నీషియన్ చూసి మూడో సెల్ పూర్తిగా పోయిందన్నాడు. కొత్తది వేయించాం, ఇప్పుడు ఫుల్ అయ్యాక 62 సెకన్లకి ఒక మినుకు, 18 వాట్లు. మీరు చెప్పకపోతే ఆ వేడి బ్యాటరీ పక్క గదిలోనే పాప పడుకునేది, తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది, మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ఫ్రిజ్ ముందుకి లాగి, వెనక దులిపి, రబ్బర్ కడిగితే మర్నాడు కంప్రెసర్ పన్నెండు నిమిషాలు తిరిగి ఇరవై నిమిషాలు ఆగడం మొదలుపెట్టింది. కింది మూల ఒక్కచోట కాగితం ఇంకా సులువుగానే వస్తోంది, అక్కడ రబ్బర్ గట్టిపడిపోయింది. కొత్త రబ్బర్ (గాస్కెట్) కోసం ఫ్రిజ్ మోడల్ నంబర్ రాసుకుని చెప్పి వచ్చాం. తులసికోట గారు రాసింది చదివి గీజర్ కూడా చూశాం, 75 మీద ఉంది, 60కి దించాం. సెట్‌టాప్ బాక్స్‌కి విడిగా స్విచ్ పెట్టించాం.

నాన్న ఆ రాత్రి తర్వాత మీటర్ పని తనే తీసుకున్నారు. రోజూ పొద్దున ఏడింటికి వెళ్ళి రీడింగ్ చూసి పాత డైరీలో రాస్తున్నారు, పక్కన ముందు రోజుకీ తేడా, ఇంకో పక్క ఆ రోజు వాషింగ్ మెషిన్ వేశామా, ఇస్త్రీ చేశామా అని. సాయంత్రం లైట్ కిందే కూర్చుని దాన్ని పాపకి చూపించి కూడికలు తీసివేతలు చేయిస్తున్నారు. ఇవాళ్టి లైన్‌లో 6.4 అని ఉంది, పక్కన "ఇస్త్రీ లేదు" అని రాశారు.